విద్యార్థి ల్యాప్‌టాప్ ఎవరి పేరున తెరుచుకోవాలి?

కొత్త ల్యాప్‌టాప్ కొనాలనుకున్న ఇంట్లో మాటలన్నీ ధర మీదా కంపెనీ మీదా నడుస్తాయి. ర్యామ్ ఎంత, వారంటీ ఎన్నేళ్లు, చీరాలలో తక్కువకు వస్తుందా లేక గుంటూరు వెళ్లాలా అని లెక్కలు వేస్తారు. తీరా కొన్నాక, తొలిసారి ఆన్ చేయగానే ఆ యంత్రం వరసగా అడిగే ప్రశ్నల దగ్గర ఆ శ్రద్ధ కనిపించదు. ఏ భాష కావాలి, ఎవరి అకౌంటు, ఏ ఫోన్ నంబరు, ఏ పాస్‌వర్డ్, మీ సమాచారంలో ఏది కంపెనీకి పంపమంటారు అని అది అడుగుతుంది. షాపులో కుర్రాడో, కంప్యూటర్ తెలిసిన బంధువో చకచకా నొక్కేసి ‘అయిపోయింది, వాడుకోండి’ అని చేతికిస్తాడు. ఆ గంటలో పడిన జవాబులే ఆ యంత్రం రాబోయే నాలుగైదేళ్లు ఎవరి మాట వినాలో నిర్ణయిస్తాయి. కాబట్టి విద్యార్థి ల్యాప్‌టాప్‌ను సిద్ధం చేయడమంటే ముందుగా దాని యాజమాన్యం తేల్చడం. అకౌంటు, పాస్‌వర్డ్, రికవరీ కీ, కొత్త ప్రోగ్రాములు వేసుకునే హక్కు, ఈ నాలుగూ చదువుకునే మనిషి దగ్గరే ఉండాలి. మిగతా సెట్టింగులన్నీ దాని తర్వాతే. ప్రభుత్వాలు పంచిన పరికరాల అనుభవం, సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరు, మన పల్లెల కరెంటూ డేటా పరిస్థితీ అన్నీ ఈ మాటనే బలపరుస్తున్నాయి.

స్టూవర్టుపురం నుంచి చూసినప్పుడు ఈ మాట బరువు మరింత తెలుస్తుంది. బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గం మీదున్న ఈ ఊరు 1913 ప్రాంతంలో సెటిల్‌మెంటుగా పుట్టింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. 1871 నాటి నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించాక, ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే అనుమానితులుగా లెక్కగట్టి ఇలాంటి చోట్ల ఉంచారు. రిజిస్టరులో పేరు, వేలిముద్ర, వేళకు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. చట్టం పోయినా ముద్ర పోలేదు. దాన్ని చెరపడానికి సంఘ సంస్కర్త హేమలతా లవణం ఏళ్ల తరబడి పనిచేయాల్సి వచ్చింది. తన గురించిన సమాచారం మొత్తం ఇంకొకరి రిజిస్టరులో ఉండి, తన చేతిలో ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో ఈ ఊరి పెద్దతరాలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ల మనవలు, మునిమనవలు రైలెక్కితే బాపట్లలో 1945 నుంచీ ఉన్న వ్యవసాయ కళాశాలకూ, 1981లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీకీ చేరువలోనే ఉన్నారు. వాళ్ల చేతికొచ్చే ల్యాప్‌టాప్ మళ్లీ ఇంకొకరి పేరున, ఇంకొకరి కాపలాలో తెరుచుకోవడం న్యాయం కాదు. ఊరు ఏదైనా ఇది వర్తిస్తుంది. కానీ ఇక్కడ దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు.

ప్రభుత్వాలు విద్యార్థుల చేతికి యంత్రాలు ఇచ్చిన అనుభవం ఇప్పటికి తక్కువేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పల్లెటూళ్ల పదో తరగతి పిల్లలను మార్కుల మీద తీసుకుని, ల్యాప్‌టాప్‌లిచ్చి వాటి మీదే పాఠాలు నడిపింది. తమిళనాడు 2011 సెప్టెంబరు 15న ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకం ప్రారంభించింది. తొలి విడతల్లో విండోస్‌తో పాటు మన దేశంలో తయారైన బాస్ లినక్స్‌ను కూడా అదే యంత్రంలో పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో అమ్మ ఒడి డబ్బుకు బదులు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా పిల్లలకు ల్యాప్‌టాప్ తీసుకోవచ్చని చెప్పారు. ఆ మాట అమలుకు రాలేదు. దాని స్థానంలో 2022 డిసెంబరు 21న ఇదే బాపట్ల జిల్లాలోని యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఉపాధ్యాయులవీ కలిపితే మొత్తం 5 లక్షలకు పైమాటే. లోపల బైజూస్ పాఠాలు నింపి, చదువు తప్ప మరొకటి తెరుచుకోకుండా తాళం వేసి ఇచ్చారు. పాఠాలు ఇంటర్నెట్ లేకపోయినా నడిచేలా మెమరీ కార్డులో పెట్టివ్వడం మంచి ఆలోచన, దానికి మెచ్చుకోవాలి. అయితే ఏ కంపెనీ పాఠాల చుట్టూ ఆ యంత్రాన్ని కట్టారో ఆ కంపెనీ మీద 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. ఒకే కంపెనీకి కట్టేసిన పరికరం ఆయుష్షు ఆ కంపెనీ ఆయుష్షును మించదు. విద్యార్థి తనంతట తాను వేరే పాఠం, వేరే ప్రోగ్రాము పెట్టుకోగలిగితే ఈ చిక్కు రాదు.

యంత్రం చేతికొస్తే చదువు దానంతట అదే బాగుపడుతుందన్న ఆశ కూడా సాక్ష్యం ముందు నిలవలేదు. పెరూ దేశంలో పిల్లకో ల్యాప్‌టాప్ పథకం మీద 319 గ్రామీణ పాఠశాలల్లో జరిగిన పరిశీలన ఫలితాలు 2012లో వచ్చాయి. పదిహేను నెలల తర్వాత చూస్తే లెక్కల్లో గానీ భాషలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ పిల్లలు యంత్రాలను వాడారు, కానీ చాలా బడుల్లో ఇంటర్నెట్ లేదు, బోధన తీరు మారలేదు. దీనికి భిన్నమైన అనుభవం కేరళది. అక్కడ 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ కార్యక్రమం ముందు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది, తమ సిలబస్‌కు సరిపోయే సాఫ్ట్‌వేర్‌ను మలయాళంలో అమర్చుకుంది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే పదో తరగతి ఐటీ పరీక్ష దాకా వెళ్లింది. పెరూలో యంత్రాలు ముందు వచ్చాయి, వాటిని ఎవరెలా వాడాలన్నది వెనకబడింది. కేరళలో వరస తిరగబడింది. ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్ విషయంలోనూ ఆ వరసే పనికొస్తుంది.

అకౌంటు సంగతి కాస్త వివరంగా చూడాలి. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఇప్పుడొచ్చే విండోస్ 11 ల్యాప్‌టాప్ మొదటిసారి తెరుచుకోవడానికి ఇంటర్నెట్టూ, మైక్రోసాఫ్ట్ అకౌంటూ అడుగుతుంది. విద్యార్థికి ఈమెయిల్ లేకపోతే షాపువాళ్లు అక్కడికక్కడే ఏదో ఒకటి సృష్టిస్తారు. ఓటీపీ కోసం వాళ్ల ఫోన్ నంబరే ఇస్తారు, పాస్‌వర్డ్ అన్ని యంత్రాలకూ ఒకటే పెడతారు. వాళ్లలో దురుద్దేశం ఉండక్కర్లేదు, పని తొందరగా తెమలాలి అంతే. కానీ చాలా కొత్త యంత్రాల్లో ఆ అకౌంటుతో లోపలికి వెళ్లగానే డిస్కు మొత్తం తనంతట తానే తాళం వేసుకుంటుంది. ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీ అదే అకౌంటులో దాగుతుంది. ఏడాది తర్వాత మదర్‌బోర్డు బాగుచేయించినప్పుడో, ఏదైనా అప్‌డేట్ తేడా కొట్టినప్పుడో నీలిరంగు తెర మీద ఆ అంకెలు అడుగుతుంది. అకౌంటు ఎవరిదో గుర్తులేని విద్యార్థికి ఇక ఒకటే దారి, డిస్కు చెరిపేసి మొదటి నుంచి ఎక్కించడం. ప్రాజెక్టు రిపోర్టు, ఫోటోలు, స్కాన్ చేసిన సర్టిఫికెట్లు అన్నీ పోతాయి. దొంగల నుంచి కాపాడటానికి పెట్టిన ఏర్పాటు సొంతదారునే బయట నిలబెడుతుంది. తాళం మంచిదే, కీ తప్పుచోట ఉండటమే ఇబ్బంది.

కాబట్టి షాపుకు వెళ్లడానికి ముందే, ఫోన్‌లోనే, విద్యార్థి పేరు మీద ఈమెయిల్ తెరవాలి. దానికి ఇచ్చే నంబరు ఇంట్లో నిలకడగా ఉండేదై ఉండాలి. ఆఫరు చూసి మూడు నెలలకోసారి సిమ్ మార్చే అలవాటున్న ఇంట్లో ఓటీపీ వెళ్లాల్సిన నంబరే మాయమవుతుంది. ఆధార్‌కు, డిజిలాకర్‌కు ఇచ్చిన నంబరునే దీనికీ ఇచ్చి, ఆ సిమ్ పోకుండా చూసుకోవడం మేలు. రికవరీ కీని మైక్రోసాఫ్ట్ అకౌంటు పేజీలో చూసి నోటుపుస్తకంలో రాసుకుని, ఆ కాగితాన్ని రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం ఉండే చోట పెట్టాలి. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని నగరాల్లో చెప్పే నియమం ఇక్కడ అంత పొసగదు. ఇంట్లో బీరువాలో ఉన్న కాగితం కంటే ఊళ్లో ఎవరికో తెలిసిన పాస్‌వర్డే ఎక్కువ ప్రమాదం.

పిల్లల చేతికి పూర్తి హక్కులిస్తే ఆటలు, సినిమాలు, అశ్లీలమైనవి చూస్తారు, అందుకే తాళాలు వేయక తప్పదన్నది మొదటి అభ్యంతరం. ఇది కొట్టిపారేయాల్సింది కాదు. పన్నెండేళ్ల పిల్లకూ ఇరవయ్యేళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికీ ఒకే ఏర్పాటు కుదరదు. చిన్నపిల్లలకు వేరే యూజర్ ఏర్పాటు చేసి, పెద్దల యూజర్‌కు మాత్రమే కొత్త ప్రోగ్రాములు వేసే హక్కు ఉంచడం సబబే. కానీ పరిమితి పెట్టడం వేరు, నిఘా పెట్టడం వేరు. ఏ పేజీ ఎంతసేపు చూసిందో దూరంగా కూర్చున్న ఎవరికో రిపోర్టు వెళ్లేలా అమర్చితే పిల్ల వాడకం మానదు, యంత్రాన్ని నమ్మడం మానేస్తుంది. సందేహం వచ్చినప్పుడు వెతకడానికీ, తన ఒంటి గురించీ హక్కుల గురించీ తెలుసుకోవడానికీ వెనకాడుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది, పిల్లల ప్రవర్తనను వెంబడించి గమనించడాన్ని నిషేధిస్తుంది. చదువు పేరుతో దానికి మినహాయింపులు వస్తున్నా చట్టం మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది. ఒకప్పుడు రోజూ హాజరు వేయించుకున్న ఊరిలో మళ్లీ తెరచాటు హాజరు మొదలుపెట్టడానికి ‘మీ మంచికే’ అన్న మాట చాలదు. ఆ రోజుల్లో సెటిల్‌మెంటుకు చెప్పిన కారణమూ మంచి కోసమేనన్నదే.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకన్న ప్రశ్నకు పొడుగు జవాబు అక్కర్లేదు. పాఠం వినడానికి ఫోన్ చాలు, రాయడానికి చాలదు. ఇరవై పేజీల రిపోర్టు, కోడింగ్, లెక్కల పట్టిక, రెండు పుస్తకాలు పక్కపక్కన తెరిచి చూసుకోవడం ఆరంగుళాల తెర మీద సాగవు. జాతీయ నమూనా సర్వే 2017-18 లెక్కల ప్రకారం దేశంలో పల్లె కుటుంబాల్లో 4.4 శాతానికే కంప్యూటర్ ఉంది, పట్టణాల్లో 23.4 శాతానికి. ఆ తర్వాత ఇంటింటా పెరిగినవి ఫోన్లే. పరీక్షలేమో కంప్యూటర్ ముందుకు వెళ్లాయి. రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షే మౌస్ పట్టుకుని రాయాలి. మౌస్‌ను మొదటిసారి పరీక్ష హాల్లో పట్టుకున్న పిల్ల తెలివి తక్కువది కాదు, అలవాటు లేనిది.

యంత్రం ఎంపిక మీద ఇక్కడ ఎక్కువ చెప్పను. హార్డ్ డిస్కు కాకుండా ఎస్‌ఎస్‌డి, 8 జీబీ ర్యామ్ ఉంటే మామూలు చదువుకు నాలుగేళ్లు వస్తుంది. కంపెనీలు వాడి తీసేసిన బిజినెస్ మోడళ్లను బాగుచేసి అమ్మేవి కూడా, బిల్లూ వారంటీ రాసిస్తే, కొత్త చవక మోడల్ కంటే గట్టివి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఎక్కని పాతదాన్ని అదే విండోస్‌తో కొని చదువుకు వాడకూడదు. అలాంటి యంత్రంలో లినక్స్ వేసుకుంటే మాత్రం ఇంకో అయిదేళ్లు హాయిగా నడుస్తుంది.

సాఫ్ట్‌వేర్ దగ్గరకు వస్తే, షాపు ఇచ్చే ‘అన్నీ వేసిచ్చాం’ అన్న మాటలోనే అసలు చిక్కుంది. అందులో సగం క్రాక్ చేసినవి ఉంటాయి. దొంగ మైక్రోసాఫ్ట్ ఆఫీసును నడిపించే చిన్న ప్రోగ్రాముకు పూర్తి హక్కులిచ్చి, దాని కోసం యాంటీవైరస్‌ను ఆపేస్తారు. ఇంటి వెనక తలుపు తీసిపెట్టి ముందు తలుపుకు గొళ్లెం పెట్టినట్టు. ఇక అందులో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టినా స్కాలర్‌షిప్ వివరాలు నింపినా ఎవరు చూస్తున్నారో తెలియదు. పిల్లలకు అసలు అవసరమైనవాటిలో దాదాపు అన్నీ ఉచితంగా, న్యాయంగా దొరుకుతాయి. రాయడానికీ పట్టికలకూ లిబ్రే ఆఫీసు, వీడియోలకు వీఎల్‌సీ, లెక్కలకు జియోజీబ్రా, కోడింగ్‌కు పైథాన్. విండోస్‌తో వచ్చే డిఫెండరే యాంటీవైరస్‌గా సరిపోతుంది. కంపెనీ ముందే ఎక్కించి పంపే నెలరోజుల ట్రయల్ యాంటీవైరస్‌ను మొదటి రోజే తీసేయడం మంచిది. లేకపోతే నెల తిరిగేసరికి డబ్బు కట్టమని భయపెడుతూ ఉంటుంది.

రేపు ఉద్యోగాలు వర్డ్, ఎక్సెల్ తెలిసినవాళ్లకే కదా, ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్పి పిల్లలను వెనకపడేస్తారా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే, ఎందుకంటే మొదటి తరం చదువరికి ఉద్యోగమే చదువుకు కొలత. కానీ లిబ్రే ఆఫీసులో శీర్షికలకు స్టైల్ పెట్టడం, పట్టికలో సూత్రం రాయడం వచ్చినవాళ్లకు వర్డ్, ఎక్సెల్ అలవాటు కావడానికి ఎక్కువ కాలం పట్టదు. పైగా బ్రౌజర్‌లో నడిచే వర్డ్, ఎక్సెల్‌ను మైక్రోసాఫ్ట్ ఉచితంగానే ఇస్తోంది. చాలా కాలేజీలు తమ విద్యార్థులకు అసలు ఆఫీసునే ఇస్తాయి, అడిగి తీసుకోవాలి. కేరళలో పదిహేనేళ్లకు పైగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద చదివిన పిల్లలు ఆ కారణంగా ఉద్యోగాలకు దూరమైన దాఖలా లేదు.

మన దగ్గర మరీ నిర్లక్ష్యానికి గురవుతున్నది తెలుగు. ఆంధ్రప్రదేశ్ బడి పుస్తకాలు 2020-21 నుంచి ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండేలా వస్తున్నాయి. అంటే పిల్ల రెండు భాషల్లోనూ ఆలోచిస్తుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇంగ్లీషొక్కటే ఉంటుంది. విండోస్‌లో తెలుగు కీబోర్డు చేర్చడానికి రెండు నిమిషాలు పట్టదు. ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019 నుంచి అందులోనే ఉంది. చూపించేవాళ్లు లేక అది పడుకుని ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టించిన తెలుగు కాగితం మీద అందంగా కనిపిస్తుంది గానీ, ఆ ఫాంటు లేని యంత్రంలో పిచ్చి గుర్తుల వరస. వెతికితే దొరకదు, మెయిల్‌లో పంపితే చదవలేరు. విద్యార్థి రాసేది మొదటి నుంచీ యూనికోడ్‌లోనే ఉండాలి. మండలి, రామభద్ర, మల్లన్న, సురన్న వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు చాలాకాలంగా అందుబాటులో ఉన్నాయి. అమ్మమ్మ చెప్పే ఎరుకల మాటలను మనవరాలు తెలుగు లిపిలో రాసి దాచుకోవాలన్నా ఇదే దారి. ఇంగ్లీషు మీడియంలో చదివేవాళ్లకు తెలుగు కీబోర్డు అనవసరమన్న వాదనకు నేను ఒప్పుకోను. తనకు అర్థమైంది తన భాషలో నోట్సుగా రాసుకోగలిగినవాళ్లే ఇంగ్లీషులో ధైర్యంగా రాస్తారు.

నెట్టు దగ్గర ఎక్కువ ఇళ్లకు ఆధారం ఫోన్ హాట్‌స్పాట్. రోజుకు జీబీన్నర ప్యాకుతో బండి నడవాలి. కొత్త ల్యాప్‌టాప్ మొదటి రోజే కొన్ని జీబీల అప్‌డేట్లు లాగుతుంది, పైగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫోటోల ఫోల్డర్లను అడగకుండానే వన్‌డ్రైవ్‌కు ఎక్కిస్తుంది. ఉచితంగా ఇచ్చే 5 జీబీ నిండగానే కొనమని పోరు మొదలు. అందుకని ఆ హాట్‌స్పాట్‌ను ‘మీటర్డ్ కనెక్షన్’గా గుర్తుపెట్టి, వన్‌డ్రైవ్ బ్యాకప్‌ను మనం ఎంచుకున్న ఒకే ఫోల్డరుకు తగ్గించాలి. అప్‌డేట్లు పూర్తిగా ఆపేయమని కొందరు సలహా ఇస్తారు, అది తప్పు. వారానికోసారి కాలేజీ వైఫై దగ్గర వేసుకోవచ్చు. ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలను కూడా అక్కడే డౌన్‌లోడ్ చేసుకుని ఇంట్లో చూసుకోవచ్చు. వాటిలో కొన్నింటికి తెలుగులో రాతప్రతులూ ఉన్నాయి.

బ్యాకప్‌ను మాత్రం నెట్టు మీదే వదిలేయడం ఈ తీరంలో పనికిరాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. అలాంటి రోజుల్లో కరెంటూ సిగ్నలూ కలిసే పోతాయి, తడిసిన గోడ పక్కన ఉన్న యంత్రమూ పోవచ్చు. సర్టిఫికెట్ల స్కాన్లు, ప్రాజెక్టు ఫైళ్లు నెలకోసారి ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసి, దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇంకో ఇంట్లో ఉంచితే ఖర్చు అయిదారు వందలు దాటదు. ఎస్టీ ధ్రువీకరణ పత్రం, మార్కుల జాబితాలు డిజిలాకర్‌లో దొరికే మేరకు అక్కడా ఉంచుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు దరఖాస్తు గడువు ఇంటర్నెట్ సెంటర్ ముందు క్యూలో దాటిపోయిన కుటుంబాలకు ఈ పని విలువ తెలుసు.

ఇవన్నీ మొదటి తరం విద్యార్థి ఒంటరిగా ఎలా చేసుకుంటుందన్నది చివరి అభ్యంతరం, బలమైనది కూడా. ఒంటరిగా చేసుకోనక్కర్లేదు, పక్కన మనిషి ఉండాలి. కానీ కీబోర్డు మీద వేళ్లు మాత్రం తనవే ఉండాలి. పక్కన కూర్చునేవాళ్లకు కొరత లేదు. బాపట్ల కాలేజీల్లో సీనియర్లున్నారు, బడుల్లో కంప్యూటర్ తెలిసిన మేష్టార్లున్నారు. చీరాల పక్కన వేటపాలెంలో 1918 నుంచీ నడుస్తున్న సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలున్న ప్రాంతమిది. ఏడాదికి రెండుసార్లు, ఇంటర్ ఫలితాల తర్వాతా, కాలేజీలు తెరిచాకా, ఒక ఆదివారం ఊరి బడిలో వైఫై పెట్టి కూర్చోబెడితే పదిపదిహేను మంది తమ యంత్రాలను తామే తెరుచుకుంటారు. దానికి ప్రత్యేక పథకం, ప్రారంభోత్సవం అక్కర్లేదు. నడిపించేవాళ్లు ఒకే నియమం పాటించాలి. నోటితో చెప్పాలి, పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తల తిప్పుకోవాలి, ఒక్క అంకె కూడా తమ దగ్గర రాసుకోకూడదు.

అలా తెరిచిన యంత్రం ఒక్కరితో ఆగదు కూడా. అక్క డిగ్రీ పూర్తయ్యాక అది తమ్ముడి చేతికి వెళ్తుంది. ఆ రోజు అక్క తన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, అకౌంటు నుంచి బయటికొచ్చి, రీసెట్ నొక్కి, తెర మీద ‘ఏ భాష కావాలి’ అన్న మొదటి ప్రశ్న కనిపించగానే లేచి తమ్ముణ్ని ఆ కుర్చీలో కూర్చోబెడితే చాలు. అతని ఈమెయిల్ అప్పటికే ఫోన్‌లో సిద్ధంగా ఉండాలి.